ఇద్దరి పథ్యం

జబ్బు సంగతి తెలిసిన కొద్ది వారాలకే నాకు తినడానికి ఏమీ లేకుండా పోయింది. ఇంట్లో సరుకులు లేక కాదు. నా మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు ఒకరు కాదు, ఇద్దరు ఉండబట్టి.

ఇప్పుడు మందు ఎక్కించడం అయిపోయింది. గడ్డలు కరిగాయని డాక్టరమ్మ అంది, కానీ అప్పుడప్పుడు వచ్చి చూపించుకుంటూ ఉండాలని కూడా అంది. భయం పూర్తిగా పోలేదు. పొద్దున మొహం కడుక్కునేటప్పుడు నా వేళ్ళు నన్నడక్కుండానే మెడ పక్కకు వెళ్ళి తడుముతాయి. రాస్తే మనసు కాస్త కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను. ఇంకే ఇంట్లోనైనా ఇలా ఒక మనిషి మంచాన ఉంటే, చుట్టూ ఉన్నవాళ్ళకి పనికొస్తుందని కూడా.

నా పేరు కనకం. రంగూన్లో, తామ్వేలో ఉంటాం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. సాయంత్రాలు మా సందు చివర శనగపప్పు వడలు వేసి అమ్మేదాన్ని. మా ఆయన అప్పలరాజుకు సేక్కాన్ రేవులో గోడౌను పని. పిల్లల్లేరు. ఆయన అక్క నూకాలమ్మ, అంటే మా వదిన, మొగుడు పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది.

నా బండి పక్కనే ట్వే కూర్చునేది. పచ్చిమామిడి, జామకాయ కోసి ఉప్పూ కారం చల్లి అమ్ముతుంది. ఇక్కడ ఆడవాళ్ళ పేరు ముందు గౌరవానికి ‘మా’ అని చేరుస్తారు. అందుకని ఆమె నాకు మా ట్వే, నేను ఆమెకు మా కనకం. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నాం. నా వడల్లో విరిగినవి ఆమెకు, ఆమె ముక్కల్లో మిగిలినవి నాకు. మేం మాట్లాడుకునేది బర్మా భాషే అయినా, ఇక్కడ మా ఇంటి మాటలోనే రాస్తున్నాను. ఆమె గొంతు నాకు అలాగే వినిపిస్తుంది.

ఎండలు

తింజాన్ నీళ్ళ పండుగ వెళ్ళిపోయి ఎండలు మాడ్చేస్తున్న రోజులవి. మధ్యాహ్నం పూట బేరం ఉండదు. ట్వే తనాఖా చెక్కను రాతి మీద అరగదీసి, ఆ చల్లటి గంధాన్ని ముందు తన బుగ్గలకు, తర్వాత నా మెడకు రాసేది. రోజంతా నూనె మూకుడు ముందు కూర్చునే మనిషికి ఆ చల్లదనం కంటే సుఖం లేదు. కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని.

ఒక రోజు ఆమె చెయ్యి నా మెడ దగ్గర ఆగిపోయింది. కిందికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే నొక్కింది. చింతగింజంత గడ్డ. నొప్పి లేదు. వేడికి బిళ్ళ కట్టి ఉంటుందిలే అన్నాను. ప్రతి మాటకీ నవ్వే మనిషి, నవ్వలేదు. మర్నాడు తన బుట్ట తీయకుండా నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి మా ఆయనను లోపలికి పిలిచాడు. ఇక్కడ అదొక పద్ధతి, రోగికి చివర్న తెలుస్తుంది. ఆయన బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గోడ వంక చూస్తూ, ఇంటికెళ్ళేసరికి కరెంటు వచ్చేస్తాదంటావా అని అడిగాడు. పెళ్ళయిన దగ్గర నుంచీ ఆయన నన్ను ఏదీ అలా మెత్తగా అడగలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత నెలల తరబడి ఆయన నాతో మాట్లాడిందల్లా కరెంటు గురించే. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది, మోటారు ఎప్పుడు వేసుకోవాలి. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత అర్థమైంది, నేను ఉంటానో పోతానో అన్న భయాన్ని ఆయన కరెంటు మీద పెట్టి మాట్లాడుతున్నాడని. జబ్బు పేరు మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ‘అది’ అనేవారు. అది ఎలాగుంది, అది తగ్గినాదా అని.

వానలు

వానలతో పాటు మందు ఎక్కించడం మొదలైంది. వారాల తేడాతో ఒక్కో సీసా. పొద్దున్నే వెళ్ళి బెంచీ మీద కూర్చుంటే పిలుపు వచ్చేసరికి మధ్యాహ్నం అయ్యేది. తడిసిన గొడుగుల నీళ్ళు మా కాళ్ళ కిందకి పారేవి. ఆ గదిలో ఒక్క ఫ్యాను సరిగ్గా తిరిగేది. దాని కింద చోటు కోసం మాలో మాకు పైకి చెప్పుకోని పోటీ. ఇన్సేన్ వైపు నుంచి వచ్చే ఒకావిడ ముందుగా చేరి, తన సంచి పక్కన పెట్టి నాకు చోటు ఆపేది. పేరు ఆమే చెప్పలేదు, నేనూ అడగలేదు. చింతపండు బిళ్ళ ఒకటి నా చేతిలో పెట్టి తనొకటి బుగ్గన పెట్టుకునేది. ఒక రోజు ఆమె రాలేదు. ఫ్యాను కింద చోటు మధ్యాహ్నం దాకా ఖాళీగానే ఉండిపోయింది. మాలో ఎవరమూ అక్కడికి జరగలేదు. తర్వాత కొత్తగా వచ్చిన మనిషెవరో, పాపం, తెలియక కూర్చుంది.

ఇంట్లో వదిన పథ్యం పెట్టింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టిన పథ్యం, వాళ్ళమ్మకు వాళ్ళమ్మ పెట్టినది. పులుపు తగలకూడదు, గోంగూర పేరు ఎత్తకూడదు. వంకాయ దురద, గుమ్మడికాయ వాతం, శనగపప్పు మహా వాతం. గుడ్డు వేడి. ఎండుచేప, రొయ్య సరేసరి. ఏది అడిగినా, లంఖణం పరమౌషధం అని మా పెద్దలు ఊరికే అనలేదే అనేది. బీరకాయ, పొట్లకాయ, పెసరకట్టు, పాలు. ఇవే తినమంది. సరే, నాలుగు రకాలు ఉన్నాయి కదా, బతికేయొచ్చు అనుకున్నాను.

అప్పుడు ట్వే వచ్చింది. గిన్నె మూత తీసి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. వాళ్ళకూ పథ్యాలున్నాయి. ఏది దేనితో తినకూడదో రంగుల బొమ్మలు వేసి గోడకు తగిలించుకునే జనం. బీరకాయా పొట్లకాయా చలవ చేస్తాయట, జబ్బు మనిషి ఒళ్ళు చల్లబడితే ఇక లేవదట. పాలు గడ్డకి బలమట. కోడి ముట్టకూడదు, పప్పు నీళ్ళు కడుపు ఉబ్బరం. పుల్లటి ఆకు కూర తినాలి, వేపచిగురు తినాలి అని ఆమె మాట. తెచ్చిన గిన్నెలో గోంగూర ఉంది. దాన్ని వాళ్ళు చిన్బౌంగ్ అంటారు, మనలాగే ప్రాణం పెడతారు. వదిన ఆ గిన్నెను వాకిట్లోనే ఆపేసింది.

ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మా వదిన ట్వే చేతి మంచినీళ్ళు కూడా ఎప్పుడూ ముట్టలేదు. వాళ్ళ వంటలో నాపి ఉంటుందని. నాపి అంటే కంపు కొట్టేలా పులియబెట్టిన రొయ్యల ముద్ద, అది లేకుండా ఇక్కడి వంట లేదు. ట్వే కూడా తక్కువదేమీ కాదు. మీ వదిన మొహం చూస్తే మామిడికాయ పులుపెక్కుతుంది అనేది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఇద్దరూ నాకే చెప్పేవారు.

నేనేం చెయ్యాలి? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వదిన నా వాంతి గిన్నె కడుగుతోంది, మొహం చిట్లించకుండా. ట్వే ప్రతిసారీ ఒక పూట బేరం పోగొట్టుకుని ఆసుపత్రి బెంచీ మీద నాతో కూర్చుంటోంది. వీళ్ళలో ఎవరి మాట తోసేసినా వాళ్ళ ప్రేమను తోసేసినట్టు అనిపించింది. అందుకని తెలివిగా ఇద్దరి మాటా విన్నాను. వదిన వద్దన్నవి మానేశాను, ట్వే వద్దన్నవీ మానేశాను. మిగిలింది అన్నం, ఉప్పు, మిరియాల నీళ్ళు. అది కూడా నోట్లో ఇనుపముక్క నానుతున్నట్టు ఉండేది. లుంగీ నడుము దగ్గర ఆగడం మానేసింది. అదంతా జబ్బే అనుకున్నాం అందరం. జబ్బు ముదురుతోందని వదిన పథ్యం బిగించింది, ముదురుతోందని ట్వే ఇంకో రెండు వద్దంది.

నాలుగో సీసా రోజున డాక్టరమ్మ నన్ను తూకం మీద నిలబెట్టి, రక్తం కాగితం చూసి, మందు ఎక్కించనంది. ఈ బలహీనతకు మందు వేస్తే మందే మింగేస్తుంది. వెయ్యకుండా ఆపితే గడ్డలు మళ్ళీ లేస్తాయి. ఆమె గొంతు పెంచకుండా చెప్పింది కాబట్టి ఇంకా భయమేసింది. ఏం తింటున్నావని అడిగింది.

నాకు ఇటు వదిన, అటు ట్వే నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే ఇద్దరూ అందుకున్నారు. ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారో చెప్పుకోవడానికి. వదిన తను మాన్పించినవన్నీ గర్వంగా చెప్పింది. ట్వే తనవి కలిపింది. గోంగూర, బీరకాయ, గుడ్డు, కోడి, పాలు, పప్పు, చేప, అన్నీ ఆ గదిలో వరసగా పడ్డాయి. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇంతకీ మిగిలిందేమిటి?” అంది.

ట్వే వదిన వంక చూసింది, వదిన ట్వే వంక చూసింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు సూటిగా చూసుకోవడం నేను అప్పుడే చూశాను. ఉడికించింది, వేడిగా ఉన్నది, ఏదైనా పెట్టండి, ఏది నోటికి హితవైతే అది పెట్టండి అని డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాల గడువిచ్చింది. అప్పటికి ఒళ్ళు పుంజుకోకపోతే ఆ తర్వాత సంగతి తను చెప్పలేనంది.

టాక్సీలో ముగ్గురం ఇంటికి వచ్చాం. అద్దం మీద వాన. ట్వే తన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది, తప్పు చేసిన పిల్లలా. మా సందు దగ్గర దిగాక వదిన గొడుగు విప్పుకుని, దానికింద ట్వేకి కూడా చోటిచ్చి, మొదటిసారి ఆమెతో బర్మాలో మాట్లాడింది.

“మనిద్దరం కలిసి దీన్ని సంపీసేలా ఉన్నాం.”

ట్వే ఏడ్చింది. వదిన ఏడవలేదు. తర్వాత పొయ్యి దగ్గర ఏడ్చిందని మా ఆయన చెప్పాడు. కరెంటు కాక ఆయన నాతో చెప్పిన మొదటి మాట అది.

దీపాల పండుగ

నియమాలు ఎత్తేస్తే ఆకలి వస్తుందనుకున్నాం. రాలేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. నా జిహ్వకు ఏ రుచీ లేదు. ఏది పెట్టినా ఇనుమే. ముద్ద నోట్లో పెట్టుకుని గంట తిప్పేదాన్ని, మింగలేక, ఉమ్మితే వాళ్ళ మొహాలు చూడలేక. వారం గడిచిపోయింది. రాత్రిళ్ళు లెక్కేసుకునేదాన్ని, ఇంకెన్ని ముద్దలు మింగితే బతుకుతానో అని. అన్నం అంటే నాకు అంత భయం ఎప్పుడూ లేదు.

తదింజ్యుత్ దీపాలు పెట్టే వారంలో ట్వే గోంగూర వేయించి తెచ్చింది, ఎండురొయ్యలూ పచ్చిమిరపకాయలూ వేసి. ఈసారి గిన్నె వాకిట్లో ఆగలేదు. వదిన దగ్గరగా వచ్చి వాసన చూసింది.

“దీన్లో నాపి ఏసేవా?”

“నేదు,” అంది ట్వే తెలుగులో, మా వదిన యాసతోనే.

ఆ అబద్ధం ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. నాకు రుచి లేదు గానీ ముక్కు ఉంది. వదిన కంచం తెచ్చుకుంది. కూర్చుంది. ముద్ద కలుపుకుని తింది. బాగుంది అంది. మళ్ళీ వడ్డించుకుంది.

ఆవిడ తినడం చూస్తుంటే నాకు కడుపు నిండా అసూయ కలిగింది. ఎలా ఉంది వదినా, చెప్పు అన్నాను. ఉప్పు సరిపోనాది అంది. ఉప్పు సంగతి కాదు, రుచి చెప్పు అన్నాను. ఆవిడకు చేతకాలేదు. ట్వే అందుకుంది. అమ్ముకునే మనిషి కదా, ఊరించడం వచ్చు. మొదట నాలిక అంచులు జివ్వుమంటాయంది. చెవుల కింద లాగుతుందంది. నీళ్ళు ఊరుతాయి, అప్పుడు మిరపకాయ తగులుతుంది, ముక్కులోకి వెళ్తుంది. ఎండురొయ్య పంటికింద నలిగి చివర్న కాస్త తీపి మిగులుతుందంది. ఆమె చెబుతుంటే నేను ముద్ద పెట్టుకున్నాను. ఇనుమే. కానీ ఆమె మాట వెంట అది గొంతు దిగిపోయింది. ఇంకోటి చెప్పమన్నాను. ఇంకోటి దిగింది.

అదే మా పద్ధతి అయింది. పూటపూటకీ ముగ్గురం కూర్చునేవాళ్ళం. వాళ్ళు తిని చెప్పాలి, నేను విని తినాలి. వదిన కూడా నేర్చుకుంది. ఆమె చారు గురించి చెప్పడం మొదలుపెడితే పోపు వేసిన మూకుడు ఎవరిచ్చారో దాకా వెళ్ళేది. ఒక రోజు మా ఆయనను కూడా కూర్చోబెట్టి అడిగాం. ఆయన గుడ్డు కూర ముద్ద మింగి, చాలాసేపు ఆలోచించి, వేడిగున్నాది అన్నాడు. ట్వే నవ్వి నవ్వి నేల మీద పడింది. నేనూ నవ్వాను. అంత చెడ్డ రోజుల్లో అంతగా నవ్వానంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. ఆ నవ్వు లోపల కూడా భయం ఉంది, నిజం చెప్పాలి. అయినా నవ్వు నవ్వే.

గడువుకి వెళ్ళాం. తూకం కొంచెం, కొంచెమే పెరిగింది. డాక్టరమ్మ సీసా తగిలించింది.

చలి రోజులు

ఇంకో రెండు సీసాలు ఉన్నాయనగా ట్వే వెళ్ళిపోవాల్సి వచ్చింది.

ఆమెకు ఒక్కడే కొడుకు. ఇక్కడ కుర్రాళ్ళని సైన్యంలోకి పిలుస్తున్న రోజులు. సందులో ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కడు కనిపించడం మానేశాడు. కొందరు పిలుపు వచ్చి, కొందరు రాకముందే. సరిహద్దు దాటితే థాయ్‌లాండ్‌లో ఎవరో పని ఇప్పిస్తామన్నారట. వాడొక్కణ్ణీ పంపలేక తనూ వెళ్తోంది. ఈ సంగతి ఆమె నాకు రోజుల తరబడి చెప్పలేదు. వదినకు ముందు చెప్పింది, నాకు ఎలా చెప్పాలో కనుక్కోవడానికి.

నాకు కోపం వచ్చింది. న్యాయం కాదని తెలుసు. అయినా వచ్చింది. నా జబ్బు తగ్గేదాకా ఆగలేవా అని మనసులో వంద సార్లు అన్నాను. ఒకసారి పైకే అనేశాను. ఆమె మామిడికాయ చెక్కుతున్న చెయ్యి ఆపలేదు.

“నీకు మీ వదినుంది మా కనకం. నా కొడుక్కి నేను తప్ప ఎవరున్నారు?”

మిగిలిన రోజులు పోట్లాడుకోలేదు. సాయంత్రం మొహానికి గుడ్డ కట్టుకుని వెళ్ళి, నా బండి లేని చోట పీట వేసుకుని, ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆమె ముక్కలు కోసేది, నేను పొట్లాలు కట్టేదాన్ని. జనం వచ్చి పోయేవారు. ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తులేదు. అంత మామూలు మాటలు.

వెళ్ళే రోజు పొద్దున్నే మంచు పడుతోంది. సందు చివర వరకు వెళ్ళాం, నేను వదిన భుజం పట్టుకుని. రెండు సంచులు, ఒక కొడుకు, అంతే ఆమె సామాను. వదిన తెల్లవారుజామునే లేచి వడలు వేసింది, దారిలో తినడానికి. ట్వే పొట్లం వాసన చూసి నూనె పాతదంది. వదిన మూతి తిప్పింది. అలాగే విడిపోయారు వాళ్ళిద్దరూ, వాళ్ళకు తగ్గట్టే.

నా దగ్గరకొచ్చి ట్వే నా మెడ మీద చెయ్యి పెట్టింది, గడ్డ ఉండిన చోట. వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఏది తినకూడదో చెప్పబోయి ఆగిందని నాకు తెలుసు. బస్సుల అడ్డాకి వెళ్ళే కారు వచ్చింది. ఎక్కేసింది.

ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాను. లోపలంతా బోలుగా ఉంది. ఇక సాయంత్రాలు సందు చివర ఎవరూ ఉండరు. మిగిలిన రెండు సార్లూ బెంచీ మీద పక్కన ఎవరూ ఉండరు. ఉన్నట్టుండి కడుపులో ఏదో కదిలింది. వాంతి అనుకుని గిన్నె దగ్గరికి లాక్కున్నాను. వాంతి కాదు. కాసేపు అదేమిటో పోల్చుకోలేకపోయాను. మళ్ళీ లాగింది, గట్టిగా.

సిగ్గేసింది. ఆమె ఎక్కిన కారు ఇంకా ఊరు దాటి ఉండదు. ఇప్పుడా రావడం? నెలల తరబడి ఆమె కూర్చుని మాటలు చెప్పి, బతిమాలి, అబద్ధాలాడి పిలిస్తే రానిది, ఆమె వెళ్ళిన గంటకా?

“వదినా,” అన్నాను. “ఆకలేస్తన్నాది.”

వదిన గుమ్మంలో ఆగింది. ఏటన్నావు అని అడిగింది. మళ్ళీ చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నలాగే చూస్తూ నిలబడింది. ఏం తింటావని అడగలేదు. వెళ్ళి పొయ్యి వెలిగించింది.

అన్నం, నిన్నటి చారు వేడి చేసి తెచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. ఉప్పు తెలిసింది. కంచం ఖాళీ అయ్యాక కూడా ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే కంచం ముందుకు తోసి, ఇంకాస్త పెట్టమన్నాను.